గుమ్మం దాటిన ఆ రాత్రి

తెలుగు స్త్రీవాద కథకి బాగా అలవాటైన ముగింపు ఒకటుంది. ఆమె గుమ్మం దాటుతుంది. చేతిలో ఒక చిన్న సంచీ ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. కథ అక్కడితో అయిపోతుంది. చదువుతున్నవాళ్ళకి ఊపిరి ఆడుతుంది. ఎనభైల నుంచి ఇప్పటిదాకా ఈ ముగింపుని ఎన్ని కథల్లో చదివామో లెక్కపెట్టడం కష్టం. మన విమర్శ కూడా ఆ గుమ్మం దగ్గరే నిలబడి హర్షించింది. ఆ హర్షం అవసరమే. ఇల్లే స్త్రీకి సమస్తం అని తరతరాలుగా నూరిపోసిన సమాజంలో, గడప దాటడాన్ని పతనంగా కాకుండా మేల్కొనడంగా రాయటం సామాన్యమైన పని కాదు. కానీ అప్పుడు అడగాల్సిన ఒక మామూలు ప్రశ్న అలాగే మిగిలిపోయింది. సాయంత్రం గుమ్మం దాటిన ఆ మనిషి ఆ రాత్రి ఎక్కడ పడుకుంది?

ఈ ప్రశ్న నాకు గ్రంథాలయంలో తట్టింది కాదు. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతంలో ఇల్లు లేని స్త్రీలకి రాత్రి బస, ఆ తరువాత శాశ్వతమైన నివాసం కావాలని కొందరం ఆడవాళ్ళం కలిసి కొంతకాలంగా అర్జీలు పెడుతున్నాం. ఆ అర్జీ రాయడానికి కూర్చున్నప్పుడల్లా భాష దగ్గరే ఆగిపోతున్నాం. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి అర్జీ రాసే పని నాకే అప్పగిస్తారు. మేం అడగాల్సింది చెప్పడానికి నూరేళ్ళ ఆధునిక సాహిత్యం నా చేతికి ఏ మాటలు ఇచ్చిందని వెతుక్కుంటే దొరికినవి, దొరకనివి రెండూ నన్ను ఆలోచనలో పడేశాయి. ఆ వెతుకులాటే ఈ వ్యాసం.

ముందు మాటలే చూద్దాం. ఇల్లాలు, ఇంటిది, ఇంటావిడ, గృహిణి. స్త్రీని పిలవడానికి మనకున్న మర్యాదైన మాటలన్నిట్లోనూ ఇల్లు ఉంది. ఆమె ఇంటిపేరు మాత్రం పెళ్ళితో మారిపోతుంది. పుట్టిల్లు, అత్తిల్లు అని రెండిళ్ళు చెప్తాం గానీ ఒకటి తండ్రిది, రెండోది మామగారిది. ఇల్లు లేని మగవాడికి దేశదిమ్మరి, సన్యాసి, బైరాగి వంటి పేర్లున్నాయి. వాటిలో ఎంతో కొంత తత్వం, కొంత కవిత్వం కూడా ఉన్నాయి. ఇల్లు లేని ఆడదాని గురించి మనం అనేది ‘వీధిన పడింది’, ‘బజారున పడింది’. నెత్తిన కప్పు లేదని చెప్పే మాటే నడత మీద తీర్పు కూడా అయిపోతుంది. ఈ మాటల బారిన పడకుండా ప్రభుత్వం వారు ‘నిరాశ్రయులు’ అంటారు. వినడానికి మర్యాదగానే ఉంటుంది. కానీ ఆశ్రయం అనేది ఎవరో ఒకరు ఇస్తే పుచ్చుకునేది. నిరాశ్రయురాలు అంటే ఇల్లు లేనిది అని కాదు, ఇచ్చేవాళ్ళు లేనిది అని. మా అర్జీలో ఆ మాట రాయాలా వద్దా అన్నదాని మీద ఒక పూటంతా వాదించుకున్నాం.

సాహిత్యంలోకి వస్తే, రంగనాయకమ్మ దగ్గర మొదలుపెట్టడం న్యాయం. ఆమె పశ్చిమ గోదావరి మనిషి, తాడేపల్లిగూడెంలో చదువుకున్నారు. ‘జానకి విముక్తి’ ఆంధ్రజ్యోతి వారపత్రికలో సీరియల్‌గా మొదలై, గొడవల మధ్య ఆగిపోయి, తరువాత పుస్తకాలుగా వచ్చిన నవల. ఆ నవల మీద అప్పట్లో లేచిన కోపాన్ని బట్టే అది ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. తిట్లు తింటూ, చాకిరీ చేస్తూ, అణిగిమణిగి ఉండటమే గుణమనుకున్న జానకి ఆ ఇంటిని వదిలి బయటికి రావడం తెలుగు నవలలో నిజంగానే పెద్ద సంఘటన. నేను మళ్ళీ మళ్ళీ చదివే నవల అది. అయితే జానకికి సత్యం ఉన్నాడు. చదువుకున్న, ఆలోచించగల, సోదరి పక్షాన నిలబడే తోబుట్టువు. నవలలో సత్యం ఒక భావజాలానికి ప్రతినిధి అని మన విమర్శకులు చాలామంది రాశారు. అతను అంతకంటే ముందు ఒక చిరునామా. జానకి ఎక్కడికి వెళ్ళాలి అన్న ప్రశ్న ఆమెను నిలువునా కూల్చేయకుండా ఆపింది ఆ చిరునామాయే.

ఓల్గా ‘స్వేచ్ఛ’లో అరుణకి ఉద్యోగం ఉంది. 1987లో ఆ నవల వచ్చినప్పుడు, ఉద్యోగం ఉన్నా స్వేచ్ఛ ఎందుకు లేదు అన్నదే చర్చ అయింది. ఈ రోజు చదివితే జీతం చేసే ఇంకో పని కనిపిస్తుంది. అరుణ విడిగా బతుకుతానని అనగలగడం వెనక ఒక అద్దె కట్టగల శక్తి ఉంది. ఇది నవల లోపం అనడం లేదు. నవల తన పాత్రను ఎక్కడినుంచి తెచ్చుకుందో చెప్తున్నాను.

వీళ్ళందరికంటే ముందే, 1927లో, చలం ‘మైదానం’లో రాజేశ్వరిని ఇల్లు దాటించి బయలు ప్రదేశంలో ఒక పాకలో పెట్టాడు. గుమ్మం దాటిన స్త్రీ ఎక్కడ పడుకుంది, ఏం తిన్నది, ఏ నీళ్ళలో స్నానం చేసింది అని వివరంగా రాసిన మొదటి పెద్ద రచన అదేనేమో. చలాన్ని నీతి గురించి తిట్టినవాళ్ళూ, స్వేచ్ఛ గురించి పొగిడినవాళ్ళూ ఆ పాకని పట్టించుకోలేదు. ఆ పాక అమీర్ ఉన్నంతసేపే ఇల్లు. అతను అలిగి వెళ్ళిపోతే ఆకాశం, ఏరు, ఇసుక అన్నీ అలాగే ఉంటాయి, వాటి సౌందర్యం మాత్రం ఆమెకు కాపలా కాయదు. ప్రకృతి ఒడి అని మనం రాసుకునేది ఒంటరి స్త్రీకి రాత్రి పది దాటాక ఎలా ఉంటుందో చలం కొంతవరకు చూశాడనే అనుకుంటాను.

1923 డిసెంబరులో పెకింగ్‌లో ఒక మహిళా కళాశాలలో చైనా రచయిత లూ షున్ ఒక ప్రసంగం చేశాడు. ఇబ్సెన్ నాటకంలో నోరా తలుపు మూసి వెళ్ళిపోయింది కదా, ఆ తరువాత ఏమైంది అన్నది అతని ప్రశ్న. డబ్బు లేకపోతే ఆమెకు మిగిలేది పతనమైనా కావాలి, తిరిగి రావడమైనా కావాలి అని కఠినంగానే చెప్పాడు. ఎదురుగా కూర్చున్న అమ్మాయిలకి ఆ మాట రుచించిందో లేదో. ఇబ్సెన్ ఆ నాటకం రాసింది 1879లో. నలభై నాలుగేళ్ళకి లూ షున్‌కి ఆ ప్రశ్న వచ్చింది. మనం నోరా గురించి ఎంతో రాశాం, లూ షున్ ప్రశ్నను మాత్రం అంతగా పట్టించుకోలేదు.

అయితే లూ షున్ జవాబు మా ఊళ్ళలో సగమే సరిపోతుంది. డబ్బుంటే చాలదు. తాడేపల్లిగూడెంలో నేను ఇల్లు అద్దెకి వెతుక్కున్నప్పుడు గేటు మీద ‘టు-లెట్’ అని ఉన్న ప్రతిచోటా మొదటి ప్రశ్న ఒకటే: ‘‘మీవారు ఏం చేస్తారండీ?’’ రెండోది, ‘‘మీరేవిట్లండీ?’’ ఈ రెండిటికీ సరైన జవాబు ఉన్న స్త్రీకి ఇల్లు దొరుకుతుంది. మొదటి జవాబు లేనివాళ్ళ కష్టం గురించి మన కథల్లో కొంత ఉంది. రెండో జవాబు సరిగా లేనివాళ్ళు రాసుకున్నది చదవాలంటే గోగు శ్యామల సంకలనం చేసిన ‘నల్లపొద్దు’ (2003) వంటి పుస్తకాల దగ్గరికి వెళ్ళాలి. గడప దాటడం కంటే ముందు, ఊళ్ళో గడప పెట్టుకునే చోటు గురించి పోరాడినవాళ్ళ సాహిత్యం అది. ఇంటిని జైలుగా చూసిన సాహిత్యాన్నీ, ఇంటిని హక్కుగా అడిగిన సాహిత్యాన్నీ మనం వేర్వేరు అలమరల్లో పెట్టి, వేర్వేరు పేపర్లలో పాఠం చెప్తున్నాం.

ఒక స్వల్పకాల వసతి గృహంలో కొన్ని ఆదివారాలు నేను కథలు చదివి వినిపిస్తూ ఉంటాను. పి.సత్యవతి ‘ఇల్లలకగానే’ అక్కడ చదివిన మొదటి కథ. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోయి, దాన్ని వెతుక్కుంటూ బయల్దేరిన ఇల్లాలి కథ మీకందరికీ తెలిసిందే. విశ్వవిద్యాలయాల్లో ఆ కథ చదివినప్పుడు అమ్మాయిల కళ్ళు చెమ్మగిల్లడం చూశాను. ఇక్కడ కథ అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత దెందులూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ, చేపల చెరువుల మీద కూలికి వెళ్ళేది, యాభై దాటి ఉంటాయి, నెమ్మదిగా అంది: ‘‘ఆవిడికి పేరొక్కటే పోయిందండి. ఎతుక్కోడానికి పుట్టిల్లుంది, తిరిగొచ్చి అలుక్కోడానికి ఇల్లుంది. నాకు పేరుందండి. ఆధార్ కార్డు మీద కూడా ఉంది. దానికింద రాసున్న ఇల్లే నాది కాదు.’’

ఆ మాటతో కథ చిన్నబోయిందని నేననుకోను. గొప్ప కథ కాబట్టే అంత దూరం తీసుకుపోయింది. కానీ ఆ కథ నిలబడ్డ నేల ఏమిటో ఆవిడ ఒక్క ముక్కలో చూపించింది. అస్తిత్వం గురించి మనం రాసిన పేజీలన్నిటి కింద ఒక అలికిన నేల ఉంది. అది లేనివాళ్ళ అస్తిత్వం ఎలా మొదలవుతుందో ఆ పేజీల్లో చెప్పలేదు.

అదే గదిలో కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. గోదావరి జిల్లాల్లో ఈ వలస ఎంత మామూలో మీకు తెలుసు. ఇల్లు కట్టుకోవాలి అని బయల్దేరతారు. పరాయి దేశంలో పరాయివాళ్ళ ఇల్లు ఊడ్చి, తుడిచి పంపిన డబ్బుతో ఇక్కడ శ్లాబు పడుతుంది. ఆ అమ్మాయి తిరిగొచ్చేసరికి శ్లాబు ఉంది, రంగులు కూడా వేశారు, స్థలం మాత్రం మామగారి పేరు మీద ఉంది. మనస్పర్థలు వచ్చాక బయటికి వచ్చేసింది. ‘జానకి విముక్తి’ కథ చెప్తే ఆసక్తిగా విని, ‘‘అలాంటి తోడబుట్టినోడు ఒక్కడుంటే నేనిక్కడెందుకుంటానండి మేడమ్?’’ అంది. ఈ రెండు వాక్యాలూ నేను చదివిన చాలా సిద్ధాంత వ్యాసాలకంటే సూటిగా ఉన్నాయి.

చట్టం ఇంటి గురించి ఏం చెప్పిందో సాహిత్య విద్యార్థులు కూడా చదవాలి, ఎందుకంటే చట్టం కూడా ఒక రకం కథనమే. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇచ్చిన రాష్ట్రంగా ఆంధ్రప్రదేశ్ గురించి గర్వంగా చెప్పుకుంటాం. 1986 నాటి ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. కానీ 1956 హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ అని ఒకటి అలాగే ఉండిపోయింది. తండ్రి వదిలి వెళ్ళిన ఇంట్లో కుటుంబం నివాసం ఉంటున్నప్పుడు, మగ వారసులు పంచుకుందామని అనుకునేదాకా ఆడ వారసులు ఆ ఇంటిని పంచమని అడగడానికి వీల్లేదు. ఉండే హక్కు మాత్రం ఉంది, అదీ పెళ్ళి కాకపోతేనో, భర్త వదిలేస్తేనో, అతన్నుంచి విడిపోతేనో, పోతేనో. అంటే కూతురు పుట్టింటికి హక్కుతో రావాలంటే ముందు ఆమె జీవితం చెడిపోయి ఉండాలి. ఈ సెక్షన్ 2005 సెప్టెంబరులో గానీ తొలగిపోలేదు. అంతవరకు మన కథల్లో పుట్టింటి గుమ్మంలో తలదించుకుని నిలబడ్డ ప్రతి ఆడపిల్లా ఈ సెక్షన్ నీడలోనే నిలబడింది. అన్న మంచివాడా కాడా అని మనం చర్చించాం.

2006 అక్టోబరులో గృహహింస చట్టం అమల్లోకి వచ్చింది. ఇల్లు ఎవరి పేరు మీదున్నా, భార్యగా కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు ఆమెకు ఉందని 17వ సెక్షన్ చెప్పింది. రెండు నెలలు తిరగకుండానే, డిసెంబరులో, బత్రా కేసులో సుప్రీంకోర్టు ఆ ఇల్లు అత్తగారిదైతే కోడలికి ఆ హక్కు లేదని చెప్పింది. మన దేశంలో ఇల్లు ఎక్కువగా ఎవరి పేరు మీద ఉంటుందో అందరికీ తెలుసు. సతీష్ చందర్ అహూజా కేసులో 2020 అక్టోబరులో ఆ తీర్పు తప్పని అదే కోర్టు చెప్పేసరికి పద్నాలుగేళ్ళు గడిచాయి. పద్నాలుగేళ్ళు అంటే మనకు వేరే కథ కూడా గుర్తుకొస్తుంది, అందులో కనీసం ముగ్గురూ కలిసి అడవికి వెళ్ళారు.

నాకు ఎక్కువ ఇష్టమైన చట్టవాక్యం మాత్రం 2013 భూసేకరణ చట్టంలో ఉంది. కుటుంబం అంటే ఏమిటో నిర్వచిస్తూ, వితంతువులు, విడాకులు పొందినవాళ్ళు, కుటుంబం వదిలేసిన స్త్రీలు వీళ్ళలో ఒక్కొక్కరినీ ఒక్కో ప్రత్యేక కుటుంబంగా లెక్కించాలని అక్కడ రాశారు. ఒంటరి స్త్రీ ఒక కుటుంబం! పునరావాసం లెక్కల కోసం రాసిన మాటే. కానీ ఈ మాటను మన కథలు ఇంకా అందుకోలేదు. మన కథల్లో ఒంటరి స్త్రీ ఎప్పుడూ కుటుంబం నుంచి విరిగిన ముక్కే.

కాగితం మీద ఇల్లు వచ్చినవాళ్ళ సంగతి ఇంకోలా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న మొదలైన పథకంలో లక్షలాది ఇళ్ళ స్థలాల పట్టాలు స్త్రీల పేరు మీదే ఇచ్చారు. పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర. స్త్రీ పేరు మీద పట్టా అన్నది చిన్న విజయం కాదు. కానీ ఆ పట్టాకి దారి రేషన్ కార్డులోంచి వెళ్తుంది, కార్డులో ఆమె ఒకరి భార్య. భర్తకి దూరంగా బతుకుతున్న స్త్రీ ముందు తన పేరు ఆ కార్డులోంచి విడదీసుకోవాలి. దానికి అడిగే పత్రాల జాబితా కొల్లేటి చాంతాడంత. పట్టా వచ్చి, ఇల్లు లేచి, గృహప్రవేశం అయిన చోట కూడా ఊళ్ళో దారి అడిగితే ఫలానా ఆయన ఇల్లు అనే చెప్తారు.

కొల్లేరు మాట వచ్చింది కాబట్టి ఆగుదాం. ఇంతసేపూ ఇల్లు వదిలిన ఆడవాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. చుట్టూ ఉన్న ఊరే ఇల్లు కాకుండా పోయినవాళ్ళు ఏలూరుకి కూతవేటు దూరంలో ఉన్నారు. కొల్లేరు లంకల్లో ఇల్లంటే మిట్ట మీద కట్టుకున్నది, వరదొస్తే దోనె కట్టేసుకునేది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసే నీళ్ళు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. పోవడం ఆలస్యమైతే లంకలు మునుగుతాయి. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు తరువాత వచ్చింది ఇక్కడికే. చేపల చెరువుల గట్లు లేవడం, 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించడం, 2002లో రామ్సార్ గుర్తింపు, 2006లో గట్లు పేల్చడం ఇవన్నీ మనకు తెలిసిన చరిత్ర. ఆ చరిత్రలో గట్లు ఉన్నాయి, ఎకరాలు ఉన్నాయి, పక్షులు ఉన్నాయి. సరస్సు చేపల చెరువులుగా మారినప్పుడు గంప నెత్తిన పెట్టుకుని తన బేరం తాను చేసుకున్న మనిషి చెరువు మీద కూలి అయింది. గట్లు పోయినప్పుడు ఆ కూలీ పోయింది. ఏలూరు వచ్చి పాచిపని వెతుక్కుంది. ఆవిడ వలసని ఏ కాంటూరు దగ్గర కొలవాలి?

అక్కినేని కుటుంబరావు 2014లో ‘కొల్లేటి జాడలు’ రాశారు. వసంత కన్నబిరాన్ దాన్ని ఇంగ్లీషులోకి తీసుకెళ్ళారు. కొల్లేరు గురించి మనకున్న ఈ పెద్ద నవలను నేను అభిమానంతోనే చదివాను. బాల్యం కళ్ళతో సరస్సుని చూపించడం దాని బలం, నీటి వాసన పేజీల్లోంచి వస్తుంది. కానీ బాల్యానికి ఇల్లు ఎప్పుడూ ఉంటుంది. పిల్లవాడికి కొల్లేరు పోవడమంటే జ్ఞాపకం పోవడం. అదే లంకలోకి కోడలిగా వచ్చిన స్త్రీకి అది మొదటినుంచీ కుదరని కాపురం కావచ్చు, కుదిరిన కాపురం కావచ్చు. ఆమె చెప్పే కొల్లేరు నవల ఇంకా రావాలి. ఏలూరులో పాచిపని చేసుకుంటున్న ఆడవాళ్ళతో మాట్లాడితే తెలుస్తుంది, వాళ్ళు సరస్సుని తలుచుకోరు. చేపలు ఎండబెట్టుకున్న అరుగుని తలుచుకుంటారు.

మళ్ళీ అర్జీ దగ్గరికి వస్తాను. ఒక పట్టణంలో ఒక కార్యాలయానికి వెళ్ళినప్పుడు అక్కడి అధికారి చాలా మర్యాదగా, ‘‘మీరు చెప్పేలాంటి ఆడవాళ్ళు మన ఊళ్ళో లేరండీ, రాత్రిపూట మేం తిరిగి చూశాం,’’ అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. 2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్ళని ఫిబ్రవరి 28 రాత్రి ఒక్కసారే లెక్కపెట్టారు. పేవ్‌మెంట్లు, ప్లాట్‌ఫారాలు, గుళ్ళు, వంతెనల కింద. దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు. కానీ ఇల్లు లేని స్త్రీ చేసే మొదటి పని కనిపించకుండా ఉండటం. ఆమె పెద్దాసుపత్రిలో ఎవరికో తోడుగా ఉన్నట్టు వార్డు వరండాలో పడుకుంటుంది. ద్వారకా తిరుమలలో మొక్కు తీర్చుకోవడానికి వచ్చినదానిలా ఉంటుంది. రాత్రి పాసింజరు ఎక్కి తెల్లారి ఇంకో పాసింజరులో తిరిగి వస్తుంది. లేదా అన్నగారి ఇంటి వెనక వసారాలో, వదిన ముఖం చూస్తూ ఉంటుంది. వీళ్ళెవరూ ఏ లెక్కలోకీ రారు. సాహిత్య విమర్శ ఇక్కడే ఉపయోగపడాలి. కనిపించనిదాన్ని పాఠంలో చదవడం మనకు నేర్పిన విద్యే కదా. పుట్టింటి వసారాలో ముడుచుకున్న వితంతు మేనత్తలు, ఎవరింట్లోనో వంట చేస్తూ బతికిన పెద్దమ్మలు మన పాత కథలన్నిట్లోనూ ఉన్నారు. వాళ్ళని ‘ఉమ్మడి కుటుంబం’ అనే శీర్షిక కింద చదివాం. వాళ్ళు ఇల్లు లేని స్త్రీలు.

2010లో సుప్రీంకోర్టు ఆదేశాల తరువాత, 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ లక్ష జనాభాకి వంద మంది పట్టే ఒక శాశ్వత వసతి ఉండాలని, మనిషికి యాభై చదరపు అడుగులు ఇవ్వాలని నిబంధన పెట్టింది. 2011 లెక్కల ప్రకారం ఏలూరు రెండు లక్షలు, తాడేపల్లిగూడెం లక్ష దాటిన ఊళ్ళు. లెక్క మీరే వేసుకోండి. హింస నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకి ఉన్న ఏర్పాట్లు చూస్తే వాటికి కొలత చదరపు అడుగుల్లో కాదు, రోజుల్లో. సఖి కేంద్రంలో తాత్కాలిక బస అయిదు రోజులు. పాత స్వధార్ గృహ్ నిబంధనల్లో గృహహింస బాధితురాలికి ఏడాది, ఇతరులకి మూడేళ్ళు, యాభై అయిదు దాటినవారికి అయిదేళ్ళు. 2022లో ఆ పథకం పేరు మారి శక్తి సదన్ అయింది. వసతి గృహాలు నడిపేవాళ్ళ శ్రమని నేను తక్కువ చేయను, వాళ్ళు లేకపోతే ఆ అయిదు రోజులూ లేవు. అయినా మా అర్జీలో చివరికి ‘ఆశ్రయం’ కొట్టేసి ‘నివాసం’ అని రాశాం. కువైట్ నుంచి వచ్చిన అమ్మాయి ‘గడువు లేకుండా’ అని కూడా చేర్చమంది. చేర్చాం.

ఓల్గా ‘విముక్త’లో ‘సమాగమం’ కథని ఈ వెలుగులో మళ్ళీ చదివాను. సీత వాల్మీకి ఆశ్రమంలో ఉంటుంది. శూర్పణఖ తన చేతులతో పెంచిన తోటలో ఉంటుంది. ఇద్దరు అవమానితుల కలయికగా, సోదరీత్వంగా మనమీ కథని ఎంతో చర్చించాం. 2015లో ఆ పుస్తకానికి అకాడమీ పురస్కారం వచ్చినప్పుడూ ఆ మాటే. కానీ సీత ఉన్నది ఒకరి దయ మీద, శూర్పణఖ ఉన్నది తన చోట. గర్భిణిగా అడవిలో వదిలేయబడిన సీత కంటే పెద్ద ఉదాహరణ మనకు లేదు గానీ, ఆమెని మనం ఎప్పుడూ పరిత్యక్త అన్నాం, ఇల్లు లేనిది అనలేదు. ముక్కు పోయిన స్త్రీకి తోట ఉండటం, పట్టపురాణికి పర్ణశాల కూడా సొంతం కాకపోవడం ఆ కథలో అన్నిటికంటే రాజకీయమైన విషయం అనిపిస్తుంది నాకు.

అబ్బూరి ఛాయాదేవి ‘తన మార్గం’లో భర్త పోయిన స్త్రీ పిల్లల పంచన చేరకుండా తన బతుకు తాను ఎంచుకుంటుంది. ఆవిడ చివరి సంవత్సరాలు హైదరాబాద్ కొండాపూర్‌లో సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమంలో గడిపి, 2019 జూన్‌లో అక్కడే వెళ్ళిపోయారు. వృద్ధాశ్రమం అనగానే జాలిపడే అలవాటు మనది. తాను రాసిన దారిలోనే ఒక రచయిత్రి తన గదిని తాను ఎంచుకుని నడిచిందనుకుంటే, జాలికి అక్కడ పని లేదు. అయితే ఆ ఎంపికకి ఒక గది, ఒక పింఛను, ఒక స్నేహ బృందం ఉండాలి. సత్యవతి గారు తెలుగులోకి తెచ్చిన రేవతి ఆత్మకథ, ‘ఒక హిజ్రా ఆత్మకథ’, చదివినవాళ్ళకి ఆ మూడూ లేకుండా ఇల్లు వదలడం ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఒకే రచయిత్రి ‘ఇల్లలకగానే’ రాసి, తరువాత ఈ అనువాదానికి పూనుకోవడాన్ని నేను ఒకే ప్రయాణంగా చూస్తాను. మొదటి కథలో ఇంట్లో పేరు పోగొట్టుకున్న స్త్రీ, ఈ పుస్తకంలో తన పేరు తాను పెట్టుకుని ఇల్లు పోగొట్టుకున్న స్త్రీ.

అర్జీ ఇంకా బల్లలు మారుతూనే ఉంది. ఈలోగా ఆదివారాలు చదవడం ఆపలేదు. కిందటి నెల ‘జానకి విముక్తి’ నుంచి సత్యాన్ని తీసేసి కథ చెప్పమని అడిగాను. తోబుట్టువు లేడు, స్నేహితురాలు లేదు, జానకి ఇల్లు వదిలి ఏలూరు పవర్‌పేట స్టేషన్లో దిగింది, తరువాత? దెందులూరావిడ మొదలుపెట్టింది. ప్లాట్‌ఫారం టికెట్ పది రూపాయలు, అది రెండు గంటలే చెల్లుతుంది, కాబట్టి జానకి అది కొనదు, దగ్గర్లో ఉన్న ఊరికి టికెట్ కొంటుంది. దీపం ఉన్న బెంచీ చూసుకుంటుంది, కానీ పోలీసుకి ఎదురుగా కాదు. కువైట్ అమ్మాయి మధ్యలో ఆపింది. ‘‘అవన్నీ తర్వాతండి. ముందు బాత్రూం ఎక్కడుందో, దానికి లోపల గడియ ఉందో లేదో చూసుకుంటుంది.’’